అంగుళం ఎత్తు సిపాయిలు

1826 జూన్‌లో ఇంగ్లండ్‌లోని హావర్త్ అనే ఊళ్ళో చర్చి మతాధికారిగా ఉన్న పాట్రిక్ బ్రాంటే లీడ్స్ వెళ్ళి వస్తూ పన్నెండు చెక్క సిపాయిలున్న పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. అది కొడుకు కోసం కొన్న పెట్టె. మర్నాడు పొద్దున్నే కొడుకు బ్రాన్‌వెల్ ఆ పెట్టె పట్టుకుని అక్కచెల్లెళ్ళ గది దగ్గరికి పోతే పదేళ్ళ షార్లెట్ మంచం మీంచి దూకి అందులో మంచి బొమ్మను లాక్కుంది. వీడు వెల్లింగ్టన్ డ్యూకు, వీడు నావాడు అంది. ఎమిలీ గంభీరంగా ఉన్నవాణ్ణి తీసుకుంది. ఆన్‌కి తనలాగే చిన్నగా, వింతగా ఉన్నవాడు దక్కాడు. బ్రాన్‌వెల్ తనవాడికి బోనపార్టే అని పేరు పెట్టుకున్నాడు. ఈ పన్నెండు మంది చుట్టూ అల్లుకున్న కథల్లోంచే గ్లాస్ టౌన్, ఆంగ్రియా, గొండాల్ అనే ఊహాలోకాలు పుట్టాయి. సిపాయిలు చదువుకోవడానికి వీలుగా అగ్గిపెట్టెకన్నా చిన్న పుస్తకాలు చేసి, అచ్చక్షరాల్లాంటి చిన్న రాతతో షార్లెట్ నింపింది. వాటిలో 1830 నాటి ఒక పుస్తకాన్ని 2019లో పారిస్ వేలంలో ఆరు లక్షల యూరోలు పెట్టి హావర్త్ మ్యూజియం వాళ్ళు తెచ్చుకున్నారు.

ఇంగ్లీషు ఎం.ఏ. క్లాసుల్లో ఈ కథ ముచ్చటగా చెప్పుకుని ‘జేన్ ఐర్’ లోకి వెళ్ళిపోతాం. అన్నగారి బొమ్మల పెట్టెలోంచి అక్కచెల్లెళ్ళు నవలలు తీశారని మనకు సంతోషం. నేనూ అలాగే చెప్పేదాన్ని. నా పిహెచ్.డి. కూడా ఆ శతాబ్దపు నవల మీదే. అయితే ఐదేళ్ళుగా నేను సీసం, తగరం కలిపి పోతపోసిన సిపాయి బొమ్మలకి అక్రిలిక్ రంగులు వేస్తున్నాను. పాదం నుంచి కన్ను దాకా ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లుండే బొమ్మలు. అప్పట్నించి ఆ పెట్టె గురించి నా ప్రశ్నలు మారాయి. ఆ చెక్క సిపాయిలకి రంగు వేసిందెవరు? షార్లెట్ వెల్లింగ్టన్‌నే ఎందుకు ఎంచుకుంది? ఆ వెల్లింగ్టన్ వెనక నడిచినవాళ్ళెవరు?

మొదటి ప్రశ్న అల్పంగా కనిపిస్తుంది. కానీ సిపాయి బొమ్మల చరిత్ర రాసినవాళ్ళు పోత పోసినవాళ్ళ పేర్లు, అచ్చులు చెక్కినవాళ్ళ పేర్లు భద్రంగా నమోదు చేశారు. పంతొమ్మిదో శతాబ్దంలో నూరెంబర్గ్‌లో ఎర్నెస్ట్ హైన్‌రిక్సెన్ పల్చటి తగరపు సిపాయిలకి ముప్ఫై మిల్లీమీటర్ల కొలత స్థిరం చేశాడు. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ లోపల బోలుగా ఉండేలా పోత పోసే పద్ధతి కనిపెట్టి సీసం ఖర్చు తగ్గించాడు. రంగు వేసినవాళ్ళ పేర్లు లేవు. జర్మనీలో ఆ పని ఇళ్ళల్లో ఆడవాళ్ళు, పిల్లలు చేశారు. బ్రిటన్ కంపెనీలోనూ బల్లల ముందు వరసగా కూర్చుని ఎర్రకోట్లకి ఎరుపు, బుగ్గలకి గులాబీ చుక్క పెట్టినవాళ్ళు ఎక్కువగా స్త్రీలే. ఇళ్ళకి తీసుకుపోయి వేసేవాళ్ళూ ఉన్నారు. సీసపు సిపాయిలు 1966లో ఆగిపోయాయి. పిల్లల చేతుల్లో సీసం ప్రమాదమని అప్పటికి అందరికీ అర్థమైంది. అంతకు ముందు డెబ్భై ఏళ్ళు రోజంతా ఆ బొమ్మల్ని వేళ్ళ మధ్య పట్టుకున్న స్త్రీల సంగతి కలెక్టర్ల పుస్తకాల్లో కనపడదు. బీడీలు చుట్టే ఇళ్ళు, లేసు అల్లే ఇళ్ళు తెలిసిన మనకి ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు. లెక్కకి డబ్బులిచ్చే పని ఇంట్లో జరిగితే అది తీరిక సమయంలో చేసుకునేదిగానే చెలామణీ అవుతుంది.

అదే పనిని మగవాడు తీరిక సమయంలో చేస్తే హాబీ అవుతుంది. దానికి క్లబ్బులుంటాయి, పత్రికలుంటాయి, పోటీలు, బంగారు పతకాలు ఉంటాయి. హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ రాసినప్పుడు దాని ఉపశీర్షికలోనే ఆట ఎవరిదో తేల్చేశాడు. పన్నెండేళ్ళ నుంచి నూట యాభై ఏళ్ళ దాకా అబ్బాయిలందరిదీ, వాళ్ళతోపాటు అబ్బాయిల ఆటలూ పుస్తకాలూ ఇష్టపడేపాటి తెలివి ఉన్న అమ్మాయిలదీ. ఆ మాటలోని ఉదారత గమనించండి. అబ్బాయికి పుట్టుకతో వచ్చే హక్కుకి అమ్మాయి తెలివి రుజువు చూపించాలి. ఇదే ఇంగ్లండులో 1837లో షార్లెట్ తన కవితలు పంపితే ఆస్థాన కవి సదీ, సాహిత్యం స్త్రీ జీవితానికి వృత్తి కాలేదని ఉత్తరం రాశాడు. సాహిత్యం ఆమెకు వృత్తి కాకూడదు, సిపాయి బొమ్మ ఆమెకు కాలక్షేపమూ కాకూడదు. ఇక ఆమెకు మిగిలేది ఆ బొమ్మకి లెక్క చొప్పున రంగు వేయడం.

అక్రిలిక్ రంగు ఈ వ్యవహారంలో ఒక చిన్న మార్పు తెచ్చింది. ఇది విమర్శ వ్యాసంలో ఉండాల్సిన సంగతేనా అంటే, ఉండాలనే అంటాను. పనిముట్టు మారితే ఆ పని ఇంట్లో ఏ గదిలో జరుగుతుందో కూడా మారుతుంది. అంతకు ముందు ఈ బొమ్మలకి ఎనామిల్ రంగులు, ఆయిల్ రంగులు వేసేవారు. టర్పెంటైన్ వాసన, రాత్రంతా ఆరబెట్టడం, విడిగా ఒక గది, ఆ గదికి తలుపు. అక్రిలిక్ నీళ్ళలో కలుస్తుంది. ఆరిందంటే నీళ్ళకి చెదరదు, ఎందుకంటే నీరు ఆవిరయ్యేకొద్దీ ప్లాస్టిక్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారిపోతాయి. పల్చటి పూత పది నిమిషాల్లో ఆరుతుంది. కుక్కర్ మూడు కూతలు కూసేలోగా ఆరు కోట్లకి ఎరుపు వేసి, పప్పు దించి వచ్చి రెండో పూత వేయొచ్చు. స్టీలు టిఫిన్ బాక్సులో తడి స్పాంజి పరిచి, దాని మీద బటర్ పేపర్ వేస్తే రంగు ఎండిపోకుండా రెండు రోజులుంటుంది. హాబీ షాపులో దీన్ని వెట్ పాలెట్ అని డబ్బాలో పెట్టి అమ్ముతారు. తనకంటూ గది లేని మనిషికి ఈ రంగు కుదిరింది. అలాగని అక్రిలిక్ స్త్రీలకి విముక్తి తెచ్చిందని రాయబోవడం లేదు. వంటింటి గట్టు మీద చేసుకోగలిగే పని కాబట్టి వంటిల్లు వదలక్కర్లేకుండా పోయింది, అంతే. మిక్సీ విషయంలోనూ మనం ఈ చర్చ చేశాం.

కుంచె విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. చిన్న బొమ్మలు వేసేవాళ్ళు నెత్తిన పెట్టుకునే విన్సర్ అండ్ న్యూటన్ సిరీస్ సెవెన్ కుంచెని 1866లో విక్టోరియా రాణి ఆజ్ఞ మీద, ఆమె జలవర్ణ చిత్రాల కోసం తయారుచేశామని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. ఆమెకి ఏడో నంబరు సైజు ఇష్టమట. సామ్రాజ్యాధినేత్రి తీరికలో పూలు గీసుకోవడానికి చేయించిన కుంచెతో ఇవాళ మగవాళ్ళు ఆ సామ్రాజ్యపు సిపాయిలకి గుండీలు పెడుతున్నారు. నేనూ పెడుతున్నాను, కాకపోతే అంత ఖరీదైన కుంచెతో కాదు.

రంగుల సీసాల మీది పేర్లని పాఠంగా చదవడం నాకు అలవాటైంది. ఎనామిల్ రోజుల నుంచీ ‘ఫ్లెష్’ అని ఒక రంగుంది. హంబ్రోల్ కంపెనీలో దాని నంబరు అరవై ఒకటి. అది లేత గులాబీ. మాంసం, చర్మం అనే మాటకి విశేషణం అక్కర్లేదనుకున్నారు. గోధుమ వన్నె కావాలంటే మాత్రం తోలు రంగో, కలప రంగో, మట్టి రంగో వెతుక్కోవాలి. ఇప్పుడు కొన్ని కంపెనీలు రకరకాల చర్మ వర్ణాలతో సెట్లు తెచ్చాయి, మంచిదే. కానీ నేను చదివిన గైడుల్లో శ్రద్ధ ఎక్కడ ఖర్చవుతుందో చూడండి. ఒక బ్రిటిష్ రెజిమెంటు కాలరు పసుపా, లేత పసుపా అన్నదాని మీద రెండు పేజీలు. యూరోపియన్ ముఖానికి ఐదు అంచెలు: అడుగు పూత, ముడతల్లో గోధుమ నీడ, మళ్ళీ అసలు రంగు, ముక్కు మీద, బుగ్గ ఎముక మీద వెలుగు, కింది పెదవికి కాస్త ఎరుపు. భారతీయ సిపాయి ముఖానికి ఒక గోధుమ రంగు, పైన ఒక నీడ, అయిపోయింది. పటాలం మొత్తానికి ఒకే ముఖం.

ఇక్కడే షార్లెట్ వెల్లింగ్టన్ దగ్గరికి రావాలి. ఆమె మంచం మీంచి దూకి పట్టుకున్న వీరుడు వాటర్లూ వీరుడు కాకముందు ఆర్థర్ వెల్లెస్లీ. 1803 సెప్టెంబరు 23న అసాయేలో మరాఠాల మీద గెలిచాడు. తను చేసిన యుద్ధాల్లో అదే గొప్పదని తర్వాత ఆయనే అన్నాడంటారు. ఆ రోజు ఆయన వెనక రెండు స్కాట్లాండు రెజిమెంట్లూ, ఐదు మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లూ ఉన్నాయి. చచ్చినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిసి ఆయన పక్షానే పదిహేను వందలు దాటారు. మద్రాసు సైన్యంలోకి మనుషుల్ని తీసింది తమిళ, తెలుగు జిల్లాల్లోంచే. ఉత్తరాదిన కంపెనీ సిపాయిని చాలాకాలం ‘తిలంగా’ అనే పిలిచారు, అక్కడికి మొదట వచ్చిన సిపాయిలు మనవైపు వాళ్ళు కాబట్టి. మనకేమో ఆ మాట మనదని కూడా గుర్తులేదు. మద్రాసు సిపాయిలకి ఇంకో సంగతి ఉంది. బెంగాల్ సైన్యంలో కాకుండా వీళ్ళ పటాలాలతోపాటు భార్యా పిల్లలు కూడా నడిచేవారు. పటాలం కదిలితే ఒక ఊరు కదిలినట్టే. దండు వెనక దినుసులు మోసి, ఆ రాత్రి పొయ్యి పెట్టి, గాయాలు కడిగి, బతికున్నవాడితో మళ్ళీ నడిచిన స్త్రీలు అసాయే పటంలో ఏ రంగు గీతగానూ లేరు.

నేను వేస్తున్నవి ఈ మద్రాసు సిపాయిల బొమ్మలు. ఎర్రకోటు, నీలం తలపాగాలాంటి టోపీ, తెల్లటి పొట్టి లాగు, బోసి కాళ్ళు, చెప్పులు. పైనంతా ఇంగ్లండు, మోకాళ్ళ కింద మన ఊరు. బోసి కాళ్ళకి రంగు వేయడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. ముఖం మీద శిల్పి ఇష్టం నడుస్తుంది గానీ పిక్కల మీద దుమ్ము నా ఇష్టం. ఆరిన కుంచెకి ఇసుక రంగు అద్ది, గుడ్డకి తుడిచేసి, మిగిలిన కాస్తనీ పాదాల నుంచి పైకి తేలిగ్గా రుద్దితే నడిచి వచ్చిన దూరం కనపడుతుంది.

ఈ మాట ఒక స్నేహితురాలితో అంటే ఆమెకి కోపమొచ్చింది. యుద్ధ వ్యతిరేక సభలకి పిలిస్తే ముందుండేదానివి, ఇంట్లో కూర్చుని సైన్యాన్ని ముస్తాబు చేస్తున్నావేంటే అంది. ఆ కోపం వెనక వర్జీనియా వుల్ఫ్ ఉంది. 1938 నాటి ‘త్రీ గినీస్’లో వుల్ఫ్ యుద్ధాన్ని ఎలా ఆపాలన్న ప్రశ్నకి జవాబు చెబుతూ మగవాళ్ళ బట్టల దగ్గర ఆగుతుంది. సైనికాధికారి, న్యాయమూర్తి, మతాధికారి, విశ్వవిద్యాలయ ఊరేగింపు, రాజలాంఛనాల బూరలవాళ్ళు అంటూ ఐదు ఫొటోలు వేసింది. యూనిఫారం తళుకు కుర్రవాళ్ళని యుద్ధంలోకి లాగే ఎర అని ఆమె వాదన. స్త్రీ అలంకారాన్ని వెక్కిరించే సమాజంలో పురుషుడి అలంకారం గౌరవమైపోయిందని మొట్టమొదట అంత స్పష్టంగా చెప్పినవాళ్ళలో ఆమె ఒకరు. ఈ వాదనని నేను ఒప్పుకుంటాను. షోకేసులో వరసగా నిలబెట్టిన, వార్నిష్‌తో మెరిసే పటాలం నిజంగానే అబద్ధం. ఏ ఒక్కడికీ చెమట లేదు. కేటలాగుల్లో కూలిపోతున్న సిపాయిల బొమ్మలు కూడా దొరుకుతాయి గానీ వాటి ఉపయోగం ఆటలో నష్టాలు లెక్కపెట్టుకోవడానికే.

కానీ వుల్ఫ్ చూసింది తొడుక్కున్న బట్టని, దూరం నుంచి. కుట్టిన బట్టని దగ్గర నుంచి చూసే అవసరం ఆమెకి రాలేదు. కోటు అంచుకి అర మిల్లీమీటరు తెల్ల గీత లాగాలంటే ఆ కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియాలి. పటాలంలో అరవై మందికి ఆ గీత లాగేసరికి తళుకు విరిగిపోతుంది. మెడ నొప్పీ, గుండీల లెక్కా మిగులుతాయి. ఈ గుండీలు నిజంగా కుట్టిందెవరు, ఈ తెల్ల పట్టీలకి రోజూ సున్నపు మట్టి పూసిందెవరు అన్న ప్రశ్న నాకు పుస్తకాల్లో రాలేదు, కుంచె పట్టుకున్నప్పుడు వచ్చింది. యుద్ధాన్ని కీర్తించకుండా సిపాయిని దగ్గరగా చూడటం కుదురుతుందా అంటే, షార్లెట్ విషయంలో అంతగా కుదరలేదనే చెప్పాలి. గ్లాస్ టౌన్ కథల్లో పన్నెండు మంది ఓడెక్కి పశ్చిమాఫ్రికాలో అశాంటీ తీరానికి పోయి, అక్కడి మనుషుల్ని ఓడించి నగరం కడతారు. కొడుకు పెట్టెని గుంజుకున్న ఆడపిల్ల ఆఫ్రికాని మాత్రం అడగకుండానే పంచేసుకుంది. తన కుర్చీ కోసం పోరాడిన రచయిత్రి ఇంకొకరి నేల మీద కూర్చుంది. ‘జేన్ ఐర్’లో అటకమీది బెర్తా గురించి ఇన్ని వ్యాసాలు రాశాం గానీ, ఆమె మూలం ఈ చెక్క బొమ్మల పెట్టెలో కూడా వెతకాల్సి ఉంది.

స్త్రీ సైనికుల బొమ్మలు ఉన్నాయా అని అడుగుతారు. ఉన్నాయి. చాలాకాలం అవి రెండే రకాలు: నెపోలియన్ సైన్యం వెంట మద్యం పీపా మోసే కాంటినేర్, లేదా ఇనుప బొడిస్ తొడుక్కున్న ఊహాసుందరి. యుద్ధంలో ఆ బొడిస్ ఏ అవయవాన్ని కాపాడుతుందో శిల్పికే తెలియాలి. ఇంగ్లండులో ఆనీ నార్మన్ అనే ఆమె బాడ్ స్క్విడో గేమ్స్ అనే చిన్న సంస్థ పెట్టి, పనికొచ్చే బట్టల్లో, పని చేసే భంగిమల్లో ఉన్న స్త్రీల బొమ్మలు తీసుకొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధపు సోవియట్ స్త్రీలు వాటిలో ఉన్నారు. స్వెత్లానా అలెక్సీవిచ్ 1985లో వేసిన పుస్తకంలో ఆ స్త్రీలే తమకిచ్చిన మగవాళ్ళ లోదుస్తుల గురించి, పాదానికి రెండింతలున్న బూట్ల గురించి చెప్పుకున్నారు. అది చదివాక ఆ బొమ్మల బూట్లు వేసేటప్పుడు చెయ్యి ఆగుతుంది.

ఆ మరుసటి ఏడాదే, 1986లో, మన స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల మాటలు. రెండు పుస్తకాలూ ఒకదాన్నొకటి ఎరగకుండా ఒకే పని చేశాయి. మన పుస్తకంలో తుపాకీ పట్టినవాళ్ళున్నారు. వాళ్ళకన్నా ఎక్కువగా కబుర్లు మోసినవాళ్ళు, దళానికి వండినవాళ్ళు, అడవిలో కన్న బిడ్డని వదులుకోవాల్సి వచ్చిన తల్లి ఉన్నారు. ఒక్క అంగుళం బొమ్మలో అర్థమంతా భంగిమే. తుపాకీ గురిపెట్టినదానికి భంగిమ ఉంది. ఉత్తరం నడుముకి దోపుకుని సంతకి పోతున్నట్టు నడిచిన మనిషికి ఏ భంగిమ పోత పోస్తారు? పోసినా అది కూలికి పోయే స్త్రీ బొమ్మలాగే ఉంటుంది. ఆమె పని సాగిందే అలా కనపడటం వల్ల.

ఇదే చిక్కు హైదరాబాద్ స్త్రీల దగ్గర తిరగబడి వస్తుంది. విలియం డాల్‌రింపుల్ ‘వైట్ మొఘల్స్’ (2002)లో వాళ్ళ గురించి రాశాడు. 1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో ఓడిన నిజాం అలీఖాన్ సైన్యంలో రెండు వేల మంది స్త్రీ సిపాయిలున్నారు. జఫర్ పల్టన్ వాళ్ళ పేరు. బ్రిటిష్ తరహా ఎర్రకోట్లు తొడుక్కుని, కవాతు నేర్చుకున్నవాళ్ళు. నిజాం దండయాత్రకి పోయినప్పుడు వెంట వచ్చే జనానాకి కాపలా వాళ్ళ ముఖ్యమైన పని. ఖర్దాలో మిగతా సైన్యం కన్నా తీసికట్టుగా ఏమీ లేరన్నది వాళ్ళకు దక్కిన మెప్పు. వీరనారీమణులని మనం వెంటనే దండలు వేసేయనక్కర్లేదు. పరాయి మగవాడి చూపు జనానా మీద పడకూడదు కాబట్టి వీళ్ళకి తుపాకీ ఇచ్చారు. పరదా వ్యవస్థకి కాపలాగా పరదా లేని స్త్రీలు. జీతం మాత్రం సిపాయి జీతం, కోటు సిపాయి కోటు. 1901లో బండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ కోసం చరిత్రలోని స్త్రీలని ఏరినప్పుడు ఆమెకి దొరికినవాళ్ళంతా పేరున్నవాళ్ళు. రెండు వేల మందిని సంఖ్యగా తప్ప చరిత్ర మనకి అప్పగించలేదు.

నేను చూసిన కేటలాగుల్లో జఫర్ పల్టన్ లేదు. మద్రాసు సిపాయిల బొమ్మలు పన్నెండు తీసుకుని, ఆకుపచ్చ ఎపాక్సీ పుట్టీతో మార్చి చేద్దామని కూర్చున్నాను. ఏం మార్చాలి? రొమ్ము ఉబ్బు పెడితే ఇనుప బొడిస్ శిల్పి చేసిన పనే నేనూ చేసినట్టు. మందపాటి ఉన్ని కోటు, దాని మీద అడ్డంగా రెండు తోలు పట్టీలు, ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు. ఆ కొలతలో ఆ బట్ట కింద ఆడా మగా తేడా కనపడదు. ఒకరిద్దరి మీసాలు మాత్రం బ్లేడుతో గీకేశాను.

వరస పూర్తయ్యాక కోప్పడ్డ స్నేహితురాలే చూసి, ఆడవాళ్ళేరే వీళ్ళలో అంది. పన్నెండు మందీ అన్నాను. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గరికి పోయి చాలాసేపు చూసింది. వీళ్ళ ముఖాలన్నీ వేరే వేరే రంగుల్లో ఉన్నాయేంటి అని అడిగింది. చెప్పాను. నాలుగు గోధుమ రంగులున్నాయి. ఒక్కో ముఖానికి వేరే పాళ్ళలో కలిపాను, ఒకామెకి కాస్త పసుపు ఎక్కువ పడింది, ఇంకొకామెకి చివర్లో ఆలివ్ చుక్క కలిపాను. ఏ ముఖానికి ఏం కలిపానో సీసామూతల మీద అతికించిన బొమ్మల కింద పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను, ఇంకో పన్నెండు మంది వచ్చినప్పుడు మళ్ళీ అదే ముఖం పడకుండా.